దుప్పట్లు వద్దు, తూకం సరిచేయండి

పాడేరు, అరకు, చింతపల్లి కొండల్లో కాఫీ పండు ఎర్రబడే కాలమూ క్రిస్మస్ కాలమూ ఒకటే. నవంబరులో కోత మొదలైతే జనవరి దాటేదాకా ఇంటిల్లిపాదికీ తోటలోనే పని. డిసెంబరు వచ్చేసరికి గూడెంలో ఇంటి చూరుకు నక్షత్రం వేలాడుతుంది, సంతలో షావుకారు కాటా వేలాడుతుంది. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని ఎవరూ అడగరు. ఈ నెల మేము అడగదలుచుకున్నాం.

మేమంటే ఎవరమో ముందే చెబుతాం. ఎకరం, రెండెకరాల కాఫీ తోట ఉన్న గిరిజన రైతులం, సంఘం సభ్యులం. మాలో కొందరం ఆదివారం ప్రార్థనకు వెళ్తాం. కొందరం చైత్రంలో ఇటుకల పండుగ చేసుకుంటాం. రెండూ చేసేవాళ్లూ ఉన్నారు, వాళ్లకూ పాస్టరు గారికీ జరిగే గొడవ వేరే సంగతి. షావుకారు కాటా మాత్రం మాలో ఏ తేడా చూపదు. ఏ దేవుడికి మొక్కేవాడికైనా ఒకేలా తక్కువ తూస్తుంది.

రైతు సంఘం పత్రికలో బైబిలు గొడవ ఎందుకని కొందరు సభ్యులు అంటారని మాకు తెలుసు. మతం ఎవరిది వాళ్లది, సంఘం అందరిదీ. ఆ మాట మీదే ఇప్పటికీ ఉన్నాం. కానీ చాలా గూడేల్లో వారానికి ఒకసారి జనమంతా ఒకచోట కూర్చునేది ప్రార్థన పాకలోనే. సంఘం మీటింగుకు ఇరవై మంది వస్తే అక్కడికి ఎనభై మంది వస్తారు. అక్కడ చెప్పే మాటకు బలం ఉంది. ఆ బలం రైతు పక్షాన నిలబడుతుందా, నోరు మూసుకుంటుందా అన్నది మతం వ్యవహారం ఒక్కటే అనుకుంటే పొరపాటు. అది మా బస్తా ధర వ్యవహారం కూడా. పైగా క్రైస్తవులు తమ సమాజాన్ని కూడా సంఘం అనే పిలుస్తారు, పాస్టరును సంఘ కాపరి అంటారు. ఒక సంఘం ఇంకో సంఘాన్ని ప్రశ్న అడగడంలో తప్పేముంది?

మోసం ఎలా జరుగుతుందో కాఫీ తోట లేని మైదాన ప్రాంత సభ్యులకు కూడా తెలియాలి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాం.

కాఫీ పండు కోసిన రోజే పల్పింగ్ చేయాలి. అంటే పై తోలు వొలిచి, జిగురు పోయేలా కడిగి, ఎండబెట్టాలి. అప్పుడది పార్చ్‌మెంట్ అవుతుంది, మంచి ధర పలుకుతుంది. రాత్రి గడిస్తే పండు పులుస్తుంది, గింజ వాసన చెడుతుంది. ఊళ్లో పల్పర్ లేకపోయినా, ఉన్నది పాడైపోయినా, కడగడానికి చాలినంత నీళ్లు లేకపోయినా రైతుకు రెండే దారులు. పండు పండుగా ఆ సాయంత్రమే అమ్ముకోవాలి, లేదా తోలుతోనే ఎండబెట్టి డ్రై చెర్రీగా తక్కువకు అమ్ముకోవాలి. ఎనిమిది కిలోమీటర్లు కొండ దిగి బస్తా తెచ్చినవాడు ధర నచ్చలేదని దాన్ని మళ్లీ కొండ ఎక్కించగలడా? ఈ సంగతి షావుకారుకు మనకంటే బాగా తెలుసు. అందుకే ధర సంగతి చీకటి పడ్డాకే ఎత్తుతాడు.

ఆ తరువాత కాటా దగ్గర కథ. గోనె బరువని కొంత తీసేస్తాడు. తేమ ఉందని కొంత తీసేస్తాడు, తేమ కొలిచే మిషను మాత్రం ఎక్కడా కనపడదు, గింజను పంటి కింద కొరికి చూసి లెక్క చెప్పేస్తాడు. పచ్చికాయ కలిసిందని కొంత. ఇన్ని పోయాక మిగిలిన దానికి వానాకాలంలో ఇచ్చిన అప్పు అడ్డం వస్తుంది. ఆగస్టులో పిల్లవాడికి జ్వరమొచ్చి తీసుకున్న డబ్బుకు డిసెంబరులో వడ్డీ లేదంటాడు. నిజమే, వడ్డీ లేదు. పంట మాత్రం అతను చెప్పిన ధరకే ఇవ్వాలి. మాలో ఒకరు నిరుడు మూడు బస్తాలు తెస్తే, ఊళ్లో సంఘం కాటా మీద తూచినదానికీ సంతలో తూచినదానికీ పదకొండు కిలోల తేడా వచ్చింది. అడిగితే వచ్చిన జవాబు: "నీ కాటా సరిగా లేదురా." సంఘం కాటాకు ముద్ర ఉంది, అతనిదానికి లేదు. అయినా మాట అతనిదే నెగ్గింది, ఎందుకంటే డబ్బు అతని జేబులో ఉంది.

లారీలు తూచే పెద్ద కాటాను మనవాళ్లు ధర్మకాటా అంటారు. ఆ పేరు పెట్టినవాడు ఎవరో గానీ బాగా ఆలోచించి పెట్టాడు. మా పండు ఆ ధర్మకాటా దాకా వెళ్లేసరికి మాది కాకుండా పోతుంది.

ఒక లెక్క వేసి చూడండి. ఆరు కిలోల వరకూ పండు ఉంటే ఒక కిలో గింజ వస్తుంది. వేయిస్తే అందులో మళ్లీ ఆరో వంతో ఐదో వంతో తగ్గుతుంది. అంటే కిలో కాఫీ పొడి వెనక ఏడు కిలోల పండు ఉందనుకుందాం. కప్పుకు పది గ్రాముల పొడి వేస్తే కిలోకు వంద కప్పులు. పట్నంలో ఏసీ కాఫీ షాపులో కప్పు 150 రూపాయలనుకుంటే వంద కప్పులకు 15,000 రూపాయలు. చీకట్లో పండు అమ్ముకున్న రైతుకు కిలోకు 40 రూపాయలు చేతికొచ్చాయనుకుంటే ఏడు కిలోలకు 280. నూటికి రెండు రూపాయలు కూడా లేదు. షాపు అద్దె, పాలు, కరెంటు, జీతాలు ఉంటాయి, మాకూ తెలుసు. పదిహేను వేలూ మాకే ఇమ్మని ఎవరూ అడగడం లేదు. కానీ తొమ్మిది నెలలు చెట్టును చూసి, మూడు నాలుగు విడతలు పండు పండుగా చేత్తో ఏరిన కుటుంబానికి నూటికి రెండు రూపాయలా? 2025 ఫిబ్రవరిలో న్యూయార్కు మార్కెట్లో అరబికా ధర పౌనుకు 4 డాలర్లు దాటి రికార్డు కొట్టింది. పౌను అంటే అర కిలో కూడా లేదు. పూత మీదే పంట అమ్ముకున్నవాడికి ఆ ఏడాది కూడా పాత ధరే దక్కింది.

జిసిసి ఉంది కదా అంటారు. ఉంది, 1956 నుంచీ ఉంది. సీజన్‌లో అది ధర ప్రకటిస్తే షావుకారు కూడా కొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు, అంతవరకూ మేలే. కానీ కొనుగోలు మనిషి మా గూడేనికి ఎప్పుడొస్తాడు, డబ్బు ఎన్నాళ్లకు పడుతుంది అన్నవి వేరే ప్రశ్నలు. వాటి మీద ఈ పత్రికలో చాలాసార్లు రాశాం, ఇంకా రాస్తాం. ఈసారి చర్చి వైపు తిరుగుదాం.

తూకం గురించి బైబిలు ఏమంటుందో చూడండి. చదవడం రాని మా అమ్మమ్మలకు కూడా కంఠతా వచ్చే పుస్తకం అది. అయినా ఈ భాగాలు మా గూడేల్లో ఎంతమంది విని ఉంటారో అనుమానమే. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం ఒకే సంచిలో పెద్ద రాయి ఒకటి, చిన్న రాయి ఒకటి పెట్టుకోకూడదంటుంది. కొనడానికి ఒక రాయి, అమ్మడానికి ఇంకో రాయి అన్నమాట. లేవీయకాండము 19వ అధ్యాయం కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దంటుంది, అదే అధ్యాయం చివర్లో త్రాసు, రాళ్లు, కొలపాత్రలు సరిగా ఉండాలంటుంది. యాకోబు రాసిన పత్రిక ఐదో అధ్యాయంలో కోత కోసినవాళ్లకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొరపెడుతుందనీ, ఆ కేకలు దేవుడి చెవిన పడ్డాయనీ ఉంది.

ఆమోసు సంగతి మాకు మరీ ఇష్టం. ఆయన గుడిలో పనిచేసే మనిషి కాడు. పసులు కాసుకునేవాడు, మేడిపండ్లు ఏరుకునేవాడు. మా లాంటివాడే. ఆయన ఎవరిమీద విరుచుకుపడ్డాడు? విశ్రాంతి దినం ఎప్పుడు అయిపోతుందా, ఎప్పుడు కొట్టు తెరిచి చిన్న కొలతతో అమ్ముదామా, చెత్త గింజలు కూడా అంటగడదామా అని ఎదురుచూసే వ్యాపారుల మీద. ఆ వ్యాపారులు భక్తి లేనివాళ్లు కారు. విశ్రాంతి దినం పాటించేవాళ్లే. ఆ రోజు కొట్టు మూసేవాళ్లే. మిగిలిన ఆరు రోజులే ఆమోసు ఫిర్యాదు.

ఇప్పుడు మా పాస్టర్లను, ఫాదర్లను, పట్నం నుంచి సువార్త కూటాలకు వచ్చే పెద్దలను అడుగుతున్నాం. అయ్యగారూ, మా కొండకు వచ్చి మీరు ఎన్నిసార్లు దశమ భాగం గురించి చెప్పారు? ఎన్నిసార్లు కాటా గురించి చెప్పారు? సారా మానమన్నారు, మంచిదే, మా ఆడవాళ్లు మీకు దండం పెట్టారు. జాతరకు వెళ్లొద్దన్నారు. రోగం వస్తే ప్రార్థన చేశారు. 2025లో అరకు వైపు తోటల్లో కాయతొలుచు పురుగు కనపడితే ఉపవాస ప్రార్థనలు పెట్టినవారూ ఉన్నారు, దానికీ మేం అడ్డు చెప్పం, పురుగు పట్టిన కాయ దులిపి వేడినీళ్లలో ముంచి పూడ్చిపెట్టే పనికి కూడా రమ్మన్నాం, అంతే. ఇన్నిటి మీద నోరున్న మీకు సంతలో జరిగే దొంగతూకం మీద మాత్రం నోరెందుకు లేవదు? పుదీనాలో, సోపులో, జీలకర్రలో కూడా పదో వంతు లెక్కగా ఇచ్చి న్యాయాన్ని గాలికొదిలేసిన వాళ్లను యేసు ఎంత గట్టిగా తిట్టాడో మత్తయి సువార్త 23వ అధ్యాయంలో ఉంది. మా దగ్గర సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగ కూడా ఉంది, అందులోనూ పదో వంతు తీసుకోండి. కానీ ఆ అధ్యాయం రెండో సగం కూడా చదవండి.

కొందరు ప్రసంగీకులు ఇంకో అడుగు ముందుకేస్తారు. ఈ లోకంలో ఓర్చుకోండి, పైలోకంలో ప్రతిఫలం ఉందంటారు. పైలోకం సంగతి మేం మాట్లాడం. కానీ యాకోబు పత్రికలో ఓర్చుకోమన్న మాట ఎక్కడుందో చూశారా? కూలి బిగబట్టిన ధనవంతులను కడిగేసిన తరువాత ఉంది. ముందు వాళ్లను కడిగి, తరువాత వీళ్లను ఓర్చుకోమన్నాడు. మీరు మొదటి భాగం వదిలేసి రెండోది మాత్రమే చెబుతున్నారు. దాన్ని కూడా దొంగతూకమనే అంటాం.

ఇక దుప్పట్ల సంగతి. ప్రతి డిసెంబరులో మైదానం నుంచి, పెద్ద చర్చిల నుంచి జీపులు వస్తాయి. దుప్పట్లు, స్వెటర్లు, పిల్లలకు బిస్కెట్లు, ఫొటోలు. మన్యం చలి చలే, దుప్పటి తీసుకున్న ముసలమ్మను మేం ఏమీ అనం, ఇచ్చినవాళ్ల మనసునూ అనుమానించం. కానీ లూకా సువార్తలో జక్కయ్య అనే పన్నుల అధికారి కథ ఉంది కదా. పొట్టివాడు, మేడిచెట్టు ఎక్కాడని పిల్లలకు చెబుతారు, అక్కడితో ఆపేస్తారు. చెట్టు దిగాక అతను ఏం చేశాడో చూడండి. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు. అక్కడితో ఆగలేదు. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. రెండూ వేరు వేరు పద్దులు. దానం పద్దు ఒకటి, బాకీ పద్దు ఒకటి. దానం చేశాను కాబట్టి బాకీ తీరిపోయిందని జక్కయ్య అనలేదు. మా దగ్గరికి వచ్చే జీపులన్నీ మొదటి పద్దువే. రెండో పద్దు పుస్తకాన్ని ఇంతవరకూ ఎవరూ తెరవలేదు.

ఇదేదో మేం కొత్తగా కనిపెట్టిన వాదన అనుకోకండి. మెక్సికో దేశంలో వహాకా అనే రాష్ట్రం ఉంది. అక్కడా కొండలే, అక్కడా ఆదివాసులే, అక్కడా చిన్న చిన్న కాఫీ తోటలే. దళారీని వాళ్లు కొయొటే అంటారు, అది నక్క లాంటి జంతువు పేరు. ఫ్రాన్స్ వాన్ డెర్ హాఫ్ అనే హాలండు దేశపు క్యాథలిక్ ఫాదరు 1980 ప్రాంతంలో అక్కడికి చేరాడు. ఆయన వచ్చి ముందు చర్చి కట్టించలేదు. రైతులతో కూర్చుని కాఫీకి వచ్చేదెంత, పోయేదెంత అని లెక్కలు వేశాడు. తనూ కాఫీ మొక్కలు పెంచుకుంటూ బతికాడు. ఆ రైతులు కలిసి ఉసిరి అనే సహకార సంఘం పెట్టుకున్నారు (మన ఉసిరికాయ కాదు, వాళ్ల భాషలో సంఘం పేరులోని పొడి అక్షరాలు అవి). దళారీ లేకుండా తామే లారీ ఎక్కించి అమ్మడం మొదలుపెట్టారు.

ఆ రైతులు హాలండు చర్చిల వాళ్లతో చెప్పిన మాట ఏమిటంటే, సాయం పంపుతున్నందుకు సంతోషమే, కానీ మా కాఫీకి సరైన ధర ఇస్తే ఆ సాయం అవసరమే ఉండదు అని. హాలండులో అప్పట్లో చర్చిల తరఫున నడిచిన సాలిడారిడాడ్ అనే సంస్థలో నికో రోజెన్ అనే అర్థశాస్త్రం చదివిన మనిషి ఉండేవాడు. ఆయనా ఈ ఫాదరూ కలిసి 1988 నవంబరులో ఒక ముద్ర తయారుచేశారు. ఆ ముద్ర ఉన్న కాఫీ అంటే చిన్న రైతుల సంఘానికి కనీస ధర ఇచ్చి కొన్నదని అర్థం. మరుసటి ఏడాది, 1989 జూలైలో, దేశాల మధ్య ఉన్న అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కోటాలు కూలిపోయాయి. ప్రపంచమంతటా ధర పడిపోయింది. ఆ గాలివానలో కనీస ధర అనే చూరు కింద కొద్దిమందైనా నిలబడగలిగారంటే ముందే వేసుకున్న ఆ చూరు వల్లే.

ఆ ముద్రకు పెట్టిన పేరు మాక్స్ హావెలార్. 1860లో హాలండులో అచ్చయిన ఒక నవల పేరు అది. అప్పుడు జావా దీవి హాలండు కింద ఉండేది. అక్కడి రైతులతో బలవంతంగా కాఫీ పండించేవారు. ఆ దేశంలో అధికారిగా పనిచేసి వచ్చినవాడే ఆ నవల రాశాడు. అందులో ఒక కాఫీ దళారీ ఉంటాడు. ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే పెద్దమనిషి. జావా వాళ్లు కష్టపడి పనిచేస్తేనే దేవుడి దారికి వస్తారని చెప్పే పాస్టరు ఒకడు ఉంటాడు, ఆ ప్రసంగం వింటే దళారీకి ఎంతో హాయి. నూట అరవై ఏళ్ల నాటి ఆ ఇద్దరినీ మా సంతలో చూపించమంటే చూపించగలం.

అదే చర్చి లోపల ఇంకో గొంతు కూడా ఎప్పుడూ ఉంది, అది దాచడం న్యాయం కాదు. 1891లో లియో 13 అనే పోపు కూలీల గురించి రాసిన లేఖలో, ఆకలి భయంతో ఒప్పుకున్న కూలి ఒప్పుకున్నంత మాత్రాన న్యాయమైపోదన్నాడు. 1967లో పోపు పాల్ 6 అదే సూత్రాన్ని వ్యాపారానికి చాపి, బలవంతుడికీ బలహీనుడికీ మధ్య బేరం కేవలం బజారు ధర మీద వదిలేస్తే అది న్యాయం కాదన్నాడు. "నువ్వే కదా ఒప్పుకుని అమ్మావు" అనే షావుకారుకు మనం చెప్పవలసిన జవాబు ఇదే. చీకటి పడి, పండు పులిసే వేళ, అప్పు నెత్తిన ఉండగా ఒప్పుకున్న ధరను ఒప్పుకోలు అనరు. ఈ మాట చెప్పడానికి క్యాథలిక్ అయి ఉండాల్సిన పని లేదు.

అయితే ముద్ర ఉంటే చాలు, అంతా బాగుపడుతుందని కూడా మేం అనం. ముద్ర కావాలంటే తనిఖీకి డబ్బు కట్టాలి, కాగితాలు నింపాలి. ఇంత చేసినా ముద్రకు అర్హమైన కాఫీ అంతా ఆ ధరకు అమ్ముడుపోదు, చాలా భాగం మామూలు కాఫీగానే పోతుంది. కనీస ధర కూడా ఏళ్ల తరబడి పౌనుకు 1.40 డాలర్ల దగ్గరే ఆగిపోయి, 2023 ఆగస్టులో గానీ 1.80కి పెరగలేదు. ఆ మధ్యలో ఎరువు ధర ఆగిందా, కూలి ఆగిందా? 2011లో అమెరికాలోని ముద్ర సంస్థ విడిపోయి, పెద్ద ఎస్టేటుల కాఫీకి కూడా ముద్ర వేస్తామంది. చిన్న రైతు కోసం కట్టిన పందిట్లోకి ఏనుగును తోలడం అది. లాటిన్ అమెరికా చిన్న రైతులు ఇది ముందే పసిగట్టి 2006లోనే తమ సొంత ముద్ర పెట్టుకున్నారు. మన అరకు అరబికాకు కూడా 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పారిస్‌లో అరకు పేరుతో కాఫీ కొట్టు ఉంది. గర్వమే. పేరు ఎవరిది, డబ్బు ఎవరిది అన్న ప్రశ్న మాత్రం ఆ గుర్తింపు కాగితంలో లేదు. దాన్ని మనమే అడగాలి.

భూమి గురించి ఒక్క మాట. నాబోతు అనే రైతు తాతల నాటి ద్రాక్షతోట ఇవ్వనన్నందుకు రాజు భార్య దొంగ సాక్ష్యాలు పెట్టి చంపించిన కథ రాజుల మొదటి గ్రంథం 21వ అధ్యాయంలో ఉంది. 1/70 చట్టం ఎందుకు కావాలో, అటవీ హక్కుల పట్టా మీద తోట హద్దులు ఎందుకు సరిగా రాయించుకోవాలో ఇంతకంటే బాగా ఏ లాయరూ చెప్పలేడు. పాస్టర్లు ఆ కథ చెప్పినప్పుడు రాణి పాపం దగ్గర ఆగకుండా తోట హద్దు దగ్గరకు కూడా రావాలి.

మా గూడేల్లో కోత పండుగ జరుగుతుంది. మొదటి పంట దేవుడికని తెచ్చి పాక ముందు పెడతారు. గుమ్మడికాయ, అల్లం, పసుపు, రాజ్‌మా, బుట్టెడు కాఫీ. తరువాత వేలం పాట. దేవుడి వస్తువు కాబట్టి పోటీపడి పాడతారు. బయట నలభైకి పోయే గుమ్మడికాయ రెండు వందలు పలుకుతుంది. సంతోషం. కానీ ఆ బుట్టెడు కాఫీ పండించిన చెట్టూ మిగతా బస్తాల కాఫీ పండించిన చెట్టూ ఒకటే కదా. బుట్టకు దేవుడి ధర, బస్తాకు షావుకారు ధర ఎందుకు? పాట పాడినవాళ్లలో వ్యాపారులూ ఉంటారు. బుట్టకు ఉదారంగా పాడి చప్పట్లు కొట్టించుకున్న చెయ్యే మర్నాడు సంతలో గోనె తరుగు తీస్తుంది. పాక ముందు కూర్చున్న అందరికీ ఇది తెలుసు. ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే పాకకు రేకులు వేయించింది ఆయనే.

మాకు కావలసినవి పెద్ద కోరికలు కావు. మొదటిది, సంతరోజున పాక ముందు ముద్ర వేసిన కాటా ఒకటి పెట్టనివ్వండి. సంఘం కాటా తెస్తుంది, మీరు చోటు ఇస్తే చాలు. షావుకారు దగ్గరకు వెళ్లే ముందు రైతు అక్కడ తూచుకుని చీటీ రాయించుకుంటాడు. పాస్టరు గారి ముందు తూచిన బరువును తప్పనడానికి షావుకారుకు కొంచెం జంకు ఉంటుంది.

రెండోది, విశాఖ నుంచి హైదరాబాదు దాకా ఉన్న పెద్ద చర్చిలకు, మిషన్ ఆసుపత్రులకు, క్రైస్తవ కాలేజీలకు. ఆరాధన అయ్యాక కాఫీ ఇస్తారు. ఆసుపత్రి క్యాంటీనులో, హాస్టలు మెస్సులో, సువార్త సభల్లో రోజూ ఎన్ని కప్పులు పోతాయో మీ వంటవాళ్లను అడగండి. ఆ పొడి ఎక్కడిది? అమెరికాలో లూథరన్, ప్రెస్బిటేరియన్ చర్చిలు చిన్న రైతుల సహకార సంఘాల కాఫీనే కొని ఆదివారం ఆరాధన తరువాత తాగే పద్ధతి పెట్టుకున్నాయి. మీరు అంతదూరం కూడా పోనక్కరలేదు. కాఫీ కొండలు విశాఖకు వంద కిలోమీటర్ల చుట్టుపక్కలే ఉన్నాయి. రైతు సహకార సంఘాల నుంచి, ధర సీజను మొదట్లోనే కాగితం మీద రాసి, కొంత డబ్బు ఆగస్టులోనే ముందుగా ఇచ్చి కొనండి. ఆగస్టు అని ఎందుకు అంటున్నామంటే షావుకారు ఉచ్చు పడేది ఆ నెలలోనే. దుప్పట్లకు అయ్యే ఖర్చు ఆ ముందస్తు కింద ఇస్తే అది సీజనులో కాఫీ రూపంలో మీకే తిరిగి వస్తుంది. నాణ్యత బాగాలేకపోతే తిప్పి పంపండి. జాలిపడి చెడ్డ కాఫీ కొనమని మేం అడగం.

మూడోది మనకే. మన తోటల్లో పండు కోసే ఆడకూలీలు ఉన్నారు. వాళ్లకు కిలో లెక్కన ఇచ్చేవాళ్లు ఏ కాటాతో తూస్తున్నారు? మగవాడికి ఒక కూలి, ఆడమనిషికి ఒక కూలి ఎందుకు? షావుకారు దగ్గర నుంచి డబ్బు రాలేదని కూలి వారం ఆపితే లేవీయకాండము మనకూ వర్తిస్తుంది. మైదానం సభ్యులు ఇది చదివి కాఫీ రైతుల గొడవ అని పేజీ తిప్పేయకండి. పత్తికి తేమ కోత, ధాన్యానికి తరుగు, మిర్చికి శాంపిల్ పేరుతో తీసే గుప్పెళ్లు అన్నీ ఈ కుటుంబానివే. మీ ఊరి చర్చిలోనూ ఇదే ప్రశ్న అడగవచ్చు. గుడిలో, మసీదులో అడిగినా మాకు అభ్యంతరం లేదు.

ఈ సీజనుకు సభ్యులు చేయవలసిన పని: బస్తా ఇంట్లో తూచిన బరువు, సంతలో తూచిన బరువు, తరుగు ఎంత, ఏ పేరుతో తీశారు, చేతికొచ్చిన డబ్బు ఎంత అన్నవి ఒక నోటుబుక్కులో రాసుకోండి. చదువురాని పెద్దవాళ్లకు పిల్లలు రాసిపెట్టాలి. జనవరి నెలాఖరుకు ఆ పుస్తకాలన్నీ మండల కమిటీకి చేర్చండి. వాటిని కలిపి ఒక పట్టిక చేసి ఐటీడీఏకు, తూనికలు కొలతల శాఖకు ఇస్తాం. ఒక కాపీ ప్రతి గూడెం పాస్టరు గారికి, ప్రతి ఫాదరుకు మేమే తీసుకెళ్లి చేతికిస్తాం. ఆదివారం ఆరాధనలో ప్రకటనల సమయంలో దాన్ని చదవమని అడుగుతాం. ఎవరు చదివారో, ఎవరు చదవలేదో వచ్చే మార్చి సంచికలో గూడెం వారీగా రాస్తాం.